నాకు ఐదేళ్ళకు మాట వచ్చిందన్న కథ

మండపేటలో మా ఇంటి గోడకీ రైసుమిల్లు గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు ఉండేది. మిల్లు తిరుగుతున్నంతసేపూ మా ఇంట్లో గ్లాసుల్లో నీళ్ళు వణికేవి. ఉప్పు అందించమనాలన్నా గొంతు పెంచి అనాలి. అందుకని మా ఇంటిల్లిపాదివీ పెద్ద గొంతుకలు. అందరిలోకీ నాది పెద్దది. నేను మిల్లు గేటు దగ్గర నిలబడి ఒక్క కేక పెడితే పక్క ఊరు ఏడిదలో ఎద్దులు తలెత్తి చూసేవి. సరే, ఏడిద దాకా కాదు, కాలవ వంతెన దాకా. ఎద్దులు తలెత్తిన మాట మటుకు నిజం. అవి అప్పుడు వంతెన మీదే ఉన్నాయి.

నేను ఆ మిల్లులో గుమాస్తాని. ధాన్యం తెచ్చిన రైతులతోనూ, బియ్యం ఎత్తుకెళ్ళే లారీవాళ్ళతోనూ, కాటా దగ్గర కూలీలతోనూ పొద్దస్తమానం మాట్లాడటమే పని. ఇంటికొచ్చాక ఆ పని ఆపమని నాకు చెప్పింది మా ఆవిడ ఒక్కతే. పెళ్ళయిన కొత్తల్లో ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ముద్దకీ ముద్దకీ మధ్య కూడా మాట్లాడతారేంటండీ, కాస్త గాలి పీల్చుకోండి" అంది. నాకు పౌరుషం వచ్చింది. అప్పటికప్పుడు నోటికి తోచింది చెప్పేశాను. నాకు ఐదేళ్ళు నిండేదాకా ఒక్క మాటా రాలేదనీ, అన్నాళ్ళూ లోపల ఆగిపోయినవన్నీ ఇప్పుడు బయటికొస్తున్నాయనీ అన్నాను. ఆవిడ జాలిగా చూసి, అన్నంలో ఇంకో చెంచాడు నెయ్యి వేసింది.

నెయ్యి వేయించిన కథని ఎవరు వదులుకుంటారు? మరుసటి ఏడు దానికి ద్రాక్షారామం గుడి వచ్చి చేరింది. మా అమ్మ నన్ను చంకనెత్తుకుని భీమేశ్వరస్వామి దర్శనానికి తీసుకెళ్ళిందట. అర్చకులు కొబ్బరికాయ కొట్టి ఒక చెక్క మా చేతిలో పెడుతుంటే నేను పుట్టాక మొదటిసారి నోరు తెరిచి "కొబ్బరి" అన్నానట. కొన్నేళ్ళకి ఆ ఒక్క మాట పెరిగి, "అయ్యగారూ, ఆ పెద్ద చెక్క ఇప్పించండి" అయింది. మా అబ్బాయి పెళ్ళినాటికి గుళ్ళో గంటలు కూడా వాటంతటవే మోగాయి. పెళ్ళికూతురివైపు ముసలాయన ఒకాయన అది విని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు. నాకూ ఒక క్షణం ఒళ్ళు జలదరించింది. అంత బాగా కుదిరింది.

ఇంతకీ ఇది ఆ కథ గురించి కాదు. మా మనవరాలి గురించి.

దానికి అప్పుడు రెండున్నరేళ్ళు. తొంభైల్లో మాట. బొద్దుగా, చురుగ్గా ఉండేది. ఏం కావాలన్నా మన చూపుడువేలు పట్టుకుని లాక్కెళ్ళి దాని ముందు నిలబెట్టేది. బిస్కట్ల డబ్బా ముందు, కుండ ముందు, వీధి తలుపు ముందు. మేం వెంటనే ఇచ్చేసేవాళ్ళం. ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళం, దాని వేలు ఎటు తిరిగితే అటు పరిగెత్తేవాళ్ళం. మాట మాత్రం లేదు. అమ్మ లేదు, అత్త లేదు. ఊఁ, ఆఁ అని రెండు మూడు కూతలు, అంతే. దానికి తోడు ఏడాదిలో సగం రోజులు జలుబు.

మా కోడలు ఊళ్ళో ఒక కాన్వెంటులో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. మూడేళ్ళవాళ్ళు పలకలు పట్టుకుని వచ్చి ఒకరి మీద ఒకరు చాడీలు చెబుతుంటే పొద్దంతా విని, సాయంత్రం ఇంటికొచ్చి తన పిల్లని చూసుకునేది. ఒకరోజు మా అబ్బాయితో, రాజమండ్రి తీసుకెళ్ళి చూపిద్దామండీ అంది. మా అబ్బాయి లారీ ఆఫీసులో పని చేసేవాడు. మంచివాడే. చెప్పులు విప్పుతూ, తొందరేముంది, నాన్నకి ఐదేళ్ళకి కదా వచ్చింది, ఇప్పుడు ఆయన్ని ఆపగలుగుతున్నామా అన్నాడు. మా ఆవిడ అచ్చం తాత పోలికేనంది. ఆడపిల్లని ఇప్పట్నుంచే డాక్టర్ల చుట్టూ తిప్పితే మాటలు రాని పిల్లని ఊళ్ళో పేరు పడుతుందని కూడా అంది. ఆ భయం ఆవిడకి నిజంగానే ఉంది.

నేను మటుకు మీసం దువ్వుకున్నాను. మనవరాలు నా పోలికంటే ఎవరికి చేదు?

వైద్యం మటుకు ఇంట్లో జరుగుతూనే ఉండేది. పిల్లలకి మాటలు తొందరగా రావాలని మావైపు వసకొమ్ము పెడతారు కదా. మా ఆవిడ రోజూ పొద్దున్నే దాన్ని సాన మీద అరగదీసి, తేనెలో రంగరించి పిల్ల నాలిక మీద రాసేది. రాత్రిళ్ళు చెవిలో గోరువెచ్చటి నూనె చుక్క. అన్నిటికన్నా గొప్పది పళ్ళెం పరీక్ష. పిల్ల అటు తిరిగి ఆడుకుంటుంటే వెనకాల నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో టంగుమని కొట్టడం. పిల్ల గిరుక్కున తిరిగి నవ్వేది. చూశారా, చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి అనేవాళ్ళం. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చేసి చూపించేవాళ్ళం. కొట్టేది నేనే. దాంట్లో నాకో ఒడుపు ఉండేది. రోజుకి నూరుసార్లు కొట్టేవాణ్ణి. నూరు కాదులెండి, చుట్టాలు వచ్చినప్పుడు.

ఆ వేసవిలో కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక మిల్లు ఠక్కున ఆగిపోయింది. మా ఇంట్లో అంత నిశ్శబ్దం అరుదు. పెరట్లో కాకి నడిచినా వినబడుతోంది. పిల్ల హాల్లో అటు తిరిగి కూర్చుని ఖాళీ అగ్గిపెట్టెలు వరసగా పేరుస్తోంది. నేను పడక్కుర్చీలో ఉన్నాను. మా కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, "బుజ్జమ్మా" అని పిలిచింది. మామూలుగానే, పక్కనున్న మనిషిని పిలిచినట్టు. పిల్ల అగ్గిపెట్టె సర్దుకుంది. మళ్ళీ పిలిచింది. పిల్ల ఇంకో అగ్గిపెట్టె తీసుకుంది.

కోడలు నావైపు చూసింది. "మావయ్యగారూ, మీరు పిలవండి. గట్టిగా కాదు. నాతో మాట్లాడినట్టు."

నాకు మెల్లగా మాట్లాడటం ఎలాగో గుర్తు చేసుకోవలసి వచ్చింది. పిలిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పిల్ల తిరగలేదు. అది ఆటలో మునిగిపోయిందేమో అన్నాను. కోడలు లోపలికి వెళ్ళి పళ్ళెం, గరిటె తెచ్చి నా చేతిలో పెట్టింది. కొట్టాను. పిల్ల గిరుక్కున తిరిగి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఎప్పుడూ ముచ్చటేసేది. ఆ రోజు గరిటె కింద పెట్టేశాను.

"దానికి పళ్ళెం వినబడుతోందండి. మనమే వినబడట్లేదు" అంది కోడలు.

మా ఇంట్లో ఎప్పుడూ మిల్లు చప్పుడుకి మించి అరుస్తాం కాబట్టి అది మా కేకలకి తిరిగేది. అరవక్కర్లేని ఇల్లైతే ఎప్పుడో కనిపెట్టేవాళ్ళమేమో. కోడలు నా కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుని, "మీకు నిజంగా ఐదేళ్ళ దాకా మాట రాలేదాండీ?" అని అడిగింది. నిష్ఠూరంగా కాదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టు అడిగింది.

గుడి గంటల దగ్గర్నుంచి వెనక్కి వస్తూ ఒక్కొక్కటే ఒప్పుకున్నాను. గంటలు మోగలేదు. పెద్ద చెక్క అడగలేదు. అసలు ద్రాక్షారామం నేను మొదటిసారి వెళ్ళింది నా పెళ్ళయ్యాక. మాట ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు కానీ, రాక ఇబ్బంది పడ్డట్టు ఎవరూ చెప్పలేదు. కోడలు అంతా విని, ఈ మాట రాత్రి వాళ్ళ ముందు చెప్పండి చాలు, ఎల్లుండే రాజమండ్రి వెళదాం అంది.

చెప్పాను. భోజనాల దగ్గర, గొంతు సవరించుకుని మరీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

మా ఆవిడ కోడలివైపు ఓ చూపు చూసి, "అమ్మాయి చెప్పమంటే చెబుతున్నారు. నాకు తెలీదా ఏంటి" అంది. నేను కాదంటుంటే, ఆ అర్చకుడి మొహం నేను వర్ణించిన తీరు, మా అమ్మ కళ్ళనీళ్ళు, అన్నీ నాకే అప్పజెప్పింది. చూడకుండా అలా ఎలా చెబుతారండీ అంది. మా అబ్బాయికి నవ్వొచ్చింది. "నాన్నా, మీరు మిగతావి ఎన్ని పెంచినా ఇది మటుకు నిజమని మాకు తెలుసు" అన్నాడు. నా జీవితంలో అంత మెచ్చుకోలు ఇంకెప్పుడూ రాలేదు. నెత్తి బాదుకోవాలనిపించింది. వసకొమ్ము అరగడం ఆగలేదు. రాజమండ్రి ప్రయాణం కదలలేదు. కోడలు ఒక్కతే పిల్లని తీసుకుని వెళ్ళగలదు, అందుకు ఆమెకి ధైర్యమూ ఉంది. కానీ వెళ్ళాక ఇంట్లో నలుగురం డాక్టరు చెప్పినట్టు నడుచుకోకపోతే ఏం లాభమని ఆగింది. ఆ ముందుచూపు నాకు తరవాత అర్థమైంది.

నాకు మిగిలిన సాక్షి ఒక్కతే. పెద్దాపురంలో ఉన్న మా అక్క. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. నన్ను ఎత్తుకుని పెంచింది. ఆషాఢంలో మరిడమ్మ జాతరకి ఏటా రమ్మనేది. ఆ ఏడు జాతరలో ఒక ఆదివారం అందర్నీ బయల్దేరదీశాను. రెండు బస్సులు మారుతున్నంతసేపూ ధీమాగా ఉన్నాను. మా అక్క అబద్ధం ఆడదు. ఈ విషయంలో మా ఇంట్లో ఎవరి పోలికో మరి.

అమ్మవారి దర్శనం చేసుకుని, ఆ జనంలోంచి బయటపడి, అక్క ఇంటికి చేరి కాళ్ళు కడుక్కున్నాం. ఆవిడ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బుగ్గలు పుణికింది. ఇదే సమయమని, "అక్కా, నాకు మాటలు ఎప్పుడొచ్చాయో వీళ్ళకి కాస్త చెప్పు" అన్నాను.

"అదేంట్రా, ద్రాక్షారామంలో కదా" అంది మా అక్క.

ఆవిడ మొదలుపెట్టింది. ఆ రోజు నన్ను ఎత్తుకున్నది మా అమ్మ కాదట, తనేనట. నేను తన చంకలోంచి చెయ్యి చాపానట. గంటలు మోగడమే కాదు, నందీశ్వరుడి మీద పువ్వు జారి పడిందట. ఆ పువ్వు నా కథలో ఎప్పుడూ లేదు. ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో నా నోట విని విని, తన మనవలకి చెప్పి చెప్పి, మా అక్క ఆ గుళ్ళోకి తనే వెళ్ళి నిలబడింది. నేను "అక్కా, అది నేను కల్పించాను" అంటే, "నీకేం తెలుసురా, నువ్వు చిన్నపిల్లాడివి" అంది. మా ఆవిడ తల పంకించింది. మా అబ్బాయి జంతికలు తింటున్నాడు. వాదన వాళ్ళవైపు ముగిసిపోయింది.

అప్పుడు మా కోడలు పిల్ల మూతి తుడుస్తూ, ఊరికే తెలుసుకుందామన్నట్టు, "దొడ్డమ్మగారూ, మరి మావయ్యగారికి ఐదేళ్ళదాకా ఏదన్నా కావాలంటే ఎలా అడిగేవారండి?" అంది.

"ఎలా అడగడమేంటమ్మా. వీడి నోరు మూతపడితే కదా. నడక రాకముందే మాట వచ్చింది. దేక్కుంటూ వంటింట్లోకొచ్చి, పెట్టు, పెట్టు అని మా అమ్మ ప్రాణం తీసేవాడు. వీడి గోల పడలేక నేను పెరట్లోకి పోయి..."

అక్కడ ఆగింది. మా అందరి మొహాలూ చూసింది. బుగ్గన వేలు పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "అయితే గుళ్ళో ఎవరు మరి?" అని నన్నే అడిగింది పాపం.

మా అబ్బాయి నోట్లో జంతిక విరగడం ఒక్కటే వినబడింది. మా ఆవిడ నావైపు చూసిన చూపు గురించి రాయను. ముప్ఫై ఏళ్ళ నెయ్యి అంతా ఆ చూపులో ఉంది. కానీ తిరుగు బస్సులో పిల్లని తన ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని చెవి పక్కకి వంగి, ఆవిడ మెల్లగా ఏదో పిలవడం చూశాను. ఒకటికి రెండుసార్లు పిలిచింది. మండపేటలో దిగేటప్పుడు మా అబ్బాయితో, ఈ వారమే తీసుకెళ్ళరా అంది.

రాజమండ్రిలో చెవి డాక్టరుగారి ఆసుపత్రి మేడ మీద ఒక చిన్న గది. వినికిడి చూసి, మాటలు నేర్పే అమ్మాయి ఒకామె వారానికి ఒక రోజు కాకినాడ నుంచి వచ్చేది. పాతికేళ్ళు ఉంటాయేమో. మమ్మల్ని అందర్నీ చూసి, ఎవరు ఎక్కువ మాట్లాడతారండీ అని అడిగింది. ముగ్గురూ నన్ను చూపించారు. అయితే మీరు ఈ మూల కూర్చుని చూడండి, మాట్లాడకండి అంది. రెండు గంటలసేపు నేను కిక్కురుమనలేదు. కోడలు లెక్కలో అది పావుగంట, అందులోనూ రెండుసార్లు దగ్గానట.

గోడలకి మెత్తలు అతికించిన గది అది. మా ఇంట్లో పుట్టి పెరిగిన చెవులకి అందులో గాలి కూడా ఆగిపోయినట్టు ఉంది. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి పెట్టెల్లోంచి కూతలు వచ్చేవి. పిల్ల అటు తిరిగితే ఒక కోతిబొమ్మ వెలిగి చప్పట్లు కొట్టేది. పెద్ద కూతలకి తిరిగింది. చిన్నవాటికి తిరగలేదు. కోతి చాలాసేపు చీకట్లోనే కూర్చుంది. తరవాత చెవిలో చిన్న రబ్బరు బిరడా పెట్టి మిషనులో ఏదో గీత చూశారు. కిందకి వెళితే డాక్టరుగారు లైటు వేసి చూశారు. మళ్ళీ మేడ మీదకి వస్తే ఆ అమ్మాయి పిల్లతో నేల మీద కూర్చుని బొమ్మలాట ఆడింది. మేం ఆటే అనుకున్నాం. ఏది చూపిస్తే ఏది అందుకుంటోంది, బొమ్మకి అన్నం పెడుతోందా, కళ్ళలోకి చూస్తోందా, ఆమె అన్నీ కనిపెడుతూనే ఉంది.

ఆఖరున మాతో చెప్పింది. జలుబులు తగ్గక, కర్ణభేరి వెనక నీరు చేరి ఉండిపోయిందట. "మీరు కాలవలో మునిగి ఉన్నప్పుడు గట్టు మీద నుంచి ఎవరైనా పిలిస్తే ఎలా వినబడుతుందండి? ఎవరో ఏదో అన్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలీదు. పాపకి రోజంతా అలా ఉంది."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పళ్ళెం చప్పుడు నీళ్ళలో ఉన్నా వినబడుతుందట. అంచేత మా పరీక్షలో పళ్ళేనికే మార్కులు వచ్చాయి. చెవిలో నూనె పొయ్యొద్దని, నాలిక మీద వస రాయొద్దని కూడా చెప్పింది. మా ఆవిడ ఏడుస్తున్నదల్లా ఆగి, అది మంచిది కాదాండీ అని అడిగింది. మాటని కొమ్ము తీసుకురాదండీ, చెవి తీసుకొస్తుంది అందామె.

నేను మూలలోంచి చెయ్యెత్తి, ఆగితే తనంతట తనకే వచ్చేది కాదా అని అడిగాను. అంతదాకా వచ్చినా ఆ ఆశ వదల్లేదు నాకు.

"కొందరు పిల్లలు ఆలస్యంగా వాళ్ళంతట వాళ్ళే అందుకుంటారండి. మీ పాప ఆ కొందరిలో ఉందో లేదో ఇంట్లో కూర్చుని చెప్పలేం. పిల్లలు మాట నేర్చుకునేది ఈ వయసులోనే. ఈ రెండు మూడేళ్ళు వినబడకుండా పోతే తరవాత చాలా కష్టపడాలి. చూపించుకుని, ఏమీ లేదంటే సంతోషంగా ఇంటికెళ్ళడమే కదా."

రెండు మూడు నెలలు ఆగి చూద్దాం, నీరు దానంతటదే పోవచ్చు అన్నారు డాక్టరుగారు. పోలేదు. దీపావళి వెళ్ళాక, ఆ నీరు బయటికి పోయేలా చెవుల్లో చిన్న గొట్టాలు పెట్టారు. బియ్యపు గింజంత ఉంటాయి. పొద్దున తీసుకెళితే సాయంత్రానికి ఇంటికి పంపించేశారు. మర్నాడు పొద్దున మిల్లు తిరగడం మొదలైంది. పాలు తాగుతున్న పిల్ల గ్లాసు వదిలేసి, రెండు చెవులూ మూసుకుని, బిక్కమొహం వేసి ఘొల్లుమంది. పుట్టినప్పటినుంచీ పక్కనున్న మిల్లు అది. దానికి అప్పుడే పరిచయమైంది. అది ఏడుస్తుంటే మేం నలుగురం నవ్వుతూ నిలబడ్డాం. తరవాత సిగ్గేసి, దాని మంచాన్ని వీధివైపు గదిలోకి మార్చాం.

చెవులు తెరుచుకోగానే మాటలు వస్తాయనుకున్నాను. రాలేదు. వినబడక పోయిన ఏడాదిన్నరా దానికి మొదటినుంచీ కావాలి. వారం వారం ద్వారపూడి, కడియం మీదుగా రాజమండ్రి వెళ్ళి రావడం, ఆ అమ్మాయి చెప్పినవి ఇంట్లో చెయ్యడం. చెప్పినవి వింటే తేలికే. పిల్ల ఎత్తుకి వంగి మొహం చూపిస్తూ మాట్లాడాలి. చిన్న చిన్న మాటలు అనాలి. కావలసిందాన్ని కనబడేలా, అందకుండా పెట్టాలి. వేలు పట్టుకుని లాగితే వెంటనే ఇవ్వకూడదు, ఆగాలి. ఏ కూత వచ్చినా అదే మాట అనుకుని ఇచ్చేయాలి.

ఆ ఆగడమే మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. మా ఆవిడ చక్కెరకేళి పండు పట్టుకుని పిల్ల ముందు కూర్చునేది. పిల్ల పండువైపు చూసేది. మా ఆవిడ పిల్లవైపు చూసేది. ముందు మా ఆవిడ పెదవి వణికేది. "పసిదాన్ని ఏడిపించి నేర్పించే చదువేం చదువండీ" అని పండు ఒలిచి చేతిలో పెట్టేసేది. మా అబ్బాయి రెండు బిస్కట్లు చూపించి ఏది కావాలని అడగమంటే, రెండూ ఇచ్చేసేవాడు. కోడలు చూస్తే తిడుతుందని పెరట్లోకి తీసుకెళ్ళి మరీ ఇచ్చేవాడు. ఇక నేను. ఆగడం సరే, చిన్న మాటలు అనమన్నారే, అక్కడ చచ్చాను. "పాలు" అని ఊరుకోమంటే, పాలు ఏ గేదెవో, ఆ గేదె నిరుడు ఎవరిని పొడిచిందో చెప్పకుండా ఎలా? కోడలు చీపురు పట్టుకుని నా వెనక నిలబడేది. ఊడవడానికే అనుకోండి, అయినా నాకు భయంగా ఉండేది.

మనవరాలికి మాటలు నేర్పింది నేనేనని బజార్లో చాలామందికి చెప్పాను. అది కూడా వెనక్కి తీసుకుంటున్నాను. నేర్పింది వాళ్ళమ్మ. కాన్వెంటులో ముప్ఫై మంది పిల్లలతో అరిచి వచ్చి, ఇంట్లో ఈ ఒక్కదాని ముందు నేల మీద కూర్చుని, మెల్లగా, ఒకే మాటని విసుగు లేకుండా అనేది. పిల్ల పెదాలు కదిపి చూసేది. శబ్దం రాకపోతే దాని మొహం ఎంత చిన్నబోయేదో, వాళ్ళమ్మ మొహం అంతకన్నా వెలిగించుకుని మళ్ళీ అనేది. ఒక్కోసారి ఆమె లేచి పెరట్లోకి వెళ్ళి గిన్నెలు తోముకునేది. ఆ గిన్నెలు అప్పటికే తోమినవి. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.

మాఘమాసంలో ఒక రోజు. రాజమండ్రి నుంచి తిరిగి వస్తున్నాం. కోడలు కిటికీ పక్కన, నేను ఇటు, పిల్ల నా ఒళ్ళో. బస్సు కడియం దాటుతోంది. రెండుపక్కలా నర్సరీల్లో పూలమొక్కలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఆ రోజు మాటలు నేర్పే అమ్మాయి, దారిలో కనబడ్డవన్నీ పాపకి చూపించి పేర్లు చెప్పండి అని చెప్పింది. నాకు ఇంతకన్నా ఇష్టమైన వైద్యం ఏముంది? మొదలుపెట్టాను. పువ్వు. బంతిపువ్వు. ముద్దబంతి. ముద్దబంతికీ రేకబంతికీ తేడా. ఈ నర్సరీ ఆయన మొక్కలు లారీల్లో ఎక్కడెక్కడికి వెళతాయి. ఆ లారీ ఒకటి మా మిల్లు ముందు ఎలా దిగబడింది. నా చెయ్యి కిటికీలోంచి బయటికి చూపిస్తోంది, నోరు పిల్ల చెవి పక్కనే ఉంది. వెనక సీట్లో వాళ్ళు కూడా వింటున్నారని ఇంకాస్త గొంతు పెంచాను.

పిల్ల నా ఒళ్ళో ఇటు తిరిగింది. అరచెయ్యి తీసి నా నోటి మీద పెట్టింది. మొహం చిట్లించి, "వొద్దు" అంది.

నేను ఆగిపోయాను. బస్సు చప్పుడులో వినబడిందో, అనుకున్నానో తెలియలేదు. కోడలు కిటికీవైపు నుంచి తల తిప్పింది. పెదవులు తడుపుకుంది. "మావయ్యగారూ, మళ్ళీ మాట్లాడండి" అంది.

"రేకబంతి" అన్నాను. ఇంకేమీ తోచలేదు.

"వొద్దు" అంది పిల్ల, ఈసారి రెండో చెయ్యి కూడా నా నోటికి అడ్డం పెట్టి. "ద్దు" దగ్గర కాస్త తడబడింది. అయినా మాటే. దాని సొంత మాట. కోడలు నా ఒళ్ళోంచి పిల్లని లాక్కుని, దాని నెత్తి మీద గడ్డం ఆనించుకుని, మండపేట వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. నా వెనక సీటాయన, అంతలా వద్దంటోంది, ఏం పెట్టారండీ పాపకి అని అడిగాడు. ఏమీ పెట్టలేదండీ, మాట్లాడానంతే అన్నాను. జీవితంలో మొదటిసారి అక్కడితో ఆపాను.

ఆ వారమంతా ఇంట్లో అది దేనికి పడితే దానికి వొద్దు అంది. అన్నం వొద్దు, స్నానం వొద్దు, నాన్న వొద్దు. మా ఆవిడ మురిసిపోయి, కావాలని దానికి ఇష్టం లేని కాకరకాయ కూర ముక్క నోటి దగ్గరికి తీసుకెళ్ళేది. మరుసటి వారం రాజమండ్రిలో కోడలు ఈ సంగతి చెబుతుంటే ఆ అమ్మాయి నవ్వుతూ వింది. బొమ్మల సంచీ ముడి విప్పి, నేల మీద చాప పరిచి, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"చాలా మంచిదండి. ఇంక 'కావాలి' మొదలుపెడదాం" అంది.